ఉతికిన కోటు

కత్తిసాము ఫైనల్‌కు ముందు తనిఖీలో, హంగరీ ఛాంపియన్ ఎనికో తీగల కోటుకు కత్తి ఎన్నిసార్లు తగిలించినా పాయింటు దీపం వెలగలేదు.

“భేషైన కోటమ్మా!” అన్నాడు రిఫరీ. “ఎదుటావిడ కత్తి ఎంత తగిలినా పాయింటు రాదు. కావాలని పాడుచేసుంటే నీకు బహిష్కరణే.”

“నిన్నటిదాకా వెలిగింది సార్!”

“మరి ఇవాళ సన్యాసం పుచ్చుకుందా?”

ఎనికో కోటును ముక్కు దగ్గర పెట్టుకుంది. బ్లీచింగ్ వాసన గుప్పుమంది. ఆమె చూపు ముందు వరుసలో కూర్చున్న తండ్రి డెజో మీదికి వెళ్లింది. ఆయన ఒకప్పటి కత్తివీరుడు. ‘ఆడవాళ్లకు కత్తెందుకు?’ అని ఇన్నాళ్లూ కూతురి పోటీల గడప తొక్కనివాడు ఇవాళే వచ్చాడు.

“నిన్న ఈ కోటు నీ ఇంట్లోనే ఉంది. నా పరువు పోతుంటే చూద్దామని వచ్చావా నాన్నా? టికెట్టు కూడా కొన్నావు, పాపం!”

డెజో లేచి రిఫరీ ముందుకొచ్చాడు.

“దాన్నేమీ అనకండి బాబూ, తప్పు నాది. నేనే ఉతికాను. మా రోజుల్లో కోటంటే ఉత్త తెల్లబట్టే. ఫైనల్ ముందురోజు తండ్రి తన చేత్తో ఉతికిపెడితే గెలుపనేవాళ్లు. మా నాన్న నాకలాగే ఉతికాడు. ఇప్పటి కోటు తీగల్లో కరెంటు పారుతుందని, బ్లీచింగ్‌కు అవి పాడవుతాయని నాకేం తెలుసు? దీని ఆట ఒక్కటైనా చూసుంటే తెలిసేది.”