నాలుగో తొట్టి బురద

"నిజం చెప్పు విల్మర్, ఈ బురద ఎక్కడిది?"

యానెత్ సీసాను బల్ల మీద భర్త ముందుకు జరిపింది. విల్మర్ కాఫీ కప్పులోకి చూస్తూ, "నాలుగో తొట్టిదే. నువ్వు అడిగిందే తెచ్చిచ్చాను కదా" అన్నాడు.

అతను పనిచేసేది ఊరి మురుగునీటి శుద్ధి కేంద్రంలో. చమురు రిఫైనరీ వదిలే ఫినాల్ విషమంతా చేరేది ఆ నాలుగో తొట్టిలోకే. అతను తెచ్చిన బురదలో యానెత్‌కి ఒక బ్యాక్టీరియా దొరికింది. అది గాజు కుప్పెలో పోసిన ఫినాల్‌ను చుక్క మిగల్చకుండా తినేసింది. ఆ రోజు ప్రయోగశాలలో అందరూ చప్పట్లు కొట్టారు.

"నిన్న నేనే వెళ్లి ఆ తొట్టిలోంచి తెచ్చాను. దాని జాడే లేదు. సోమవారం బొగోతా నుంచి మా ప్రయోగశాల పెద్దాయన వస్తున్నాడు. మళ్లీ ఆ తొట్టిలోంచే తీసి చూపించలేకపోతే కట్టుకథ అల్లాననుకుంటాడు. దీంతో మగ్దలేనా నది శుభ్రమై మళ్లీ బోకాచికో చేపలు పడతాయని ఊరంతా చెప్పుకు తిరిగాను. నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

విల్మర్ మెడ గోక్కున్నాడు.

"ఆ రోజు తొట్టి మెట్ల మీద మొసలి పడుకుని ఉంది."

"అయితే?"

"పోతుందేమోనని కాసేపు చూశాను. కదల్లేదు. ఇంతలో మీ అమ్మ భోజనానికి రమ్మని ఫోన్ చేసింది. వెళ్తే పెరట్లో మురుగు కాలువ కనిపించింది. బురద బురదే కదా అని..."

యానెత్‌కి ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు.

"మొసలి సంగతి నాకు చెప్పొచ్చుగా?"

"నీకు చెబితే మీ తమ్ముడికి చెబుతావు. వాడు నన్ను బతకనిస్తాడా?"

ఇద్దరూ మోటార్ సైకిలెక్కి ఆమె తల్లి దోన్యా ఒబ్దులియా ఇంటికి బయల్దేరారు. దారి పొడవునా యానెత్‌ని ఒకటే అనుమానం తొలిచింది. రిఫైనరీ మురుగు ఆ వీధి ఛాయలకే రాదు. మరి ఆ బ్యాక్టీరియా ఫినాల్ తినడం ఎక్కడ మరిగింది?

కూతురు సీసా పట్టుకుని కాలువ పక్కన గొంతుక్కూర్చోవడం చూసి దోన్యా ఒబ్దులియాకి ఒళ్లు మండిపోయింది.

"ఏమే, నా ఇంట్లో క్రిములు వెతుకుతున్నావా? ఇరుగుపొరుగు వింటే ఏమనుకుంటారు? కాపురానికొచ్చిన నాటి నుంచీ ఒక్క పొద్దూ మానకుండా ఇందులో మందు పోస్తున్నాను. ఒక్క క్రిమి బతికుంటే చూపించు!"

"ఏం మందమ్మా?"

ఆమె విసురుగా లోపలికెళ్లి నల్ల ఫినాయిలు సీసా తెచ్చి కూతురి చేతిలో పెట్టింది. యానెత్ మూత తీసింది. ప్రయోగశాలలో రోజూ ముక్కుకు తగిలే ఫినాల్ వాసనే.

ఆమె కాలువ గట్టు మీదే చతికిలబడి తల్లి చెయ్యి పట్టుకుంది.

"ఇన్నేళ్లూ నువ్వు వీటిని చంపలేదమ్మా... మేపావు!"