ఎనిమిది ఖాళీలు

సువార్త ముందున్న స్క్రీన్ మీద మూడోసారి ఎర్ర అక్షరాలు వచ్చాయి.

"ఇంక పదిహేను నిమిషాలే ఉన్నయి," అన్నాడు మనీష్, గోడ గడియారం వైపు చూస్తూ. హైదరాబాదులోని ఒక యానిమేషన్ కంపెనీ తరఫున పరీక్ష పెట్టడానికి వచ్చాడతను. "పన్నెండు స్క్రిప్టులు ఎక్కాలె. ఒక్కటి తప్పినా ఫెయిలే."

సువార్త చెమట పట్టిన వేళ్లను చున్నీకి తుడుచుకుంది. బొమ్మను నడిపించేదొకటి, పెదవులు కదిపించేదొకటి, వాన కురిపించేదొకటి. యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌కి తోడుగా ఎక్కించే చిన్న చిన్న ప్రోగ్రాములవి. ఒక్కోదాన్నీ ఒక్కో ఫోల్డర్లో పెట్టాలి, వర్షన్ సరిచూడాలి, ఇంకెక్కడో ఒక ఫైలు తెరిచి లైను మార్చాలి. ఒక్క చుక్క తప్పినా మళ్లీ మొదటికే.

రేపు ఉద్యోగంలో చేయాల్సిందీ ఇదే. కంపెనీలో ఉన్న రెండు వందల కంప్యూటర్లలో వీటిని ఎక్కించడం, పాతవి తీసేయడం, మొరాయిస్తే బాగు చేయడం. ఎనిమిది ఖాళీలున్నాయి. ఆర్మూర్ బస్టాండు ఎదురుగా విత్తనాల దుకాణం మీద ఉన్న ఆ ఒంటిగది కంప్యూటర్ శిక్షణ సెంటర్లో మిగిలిందీ ఎనిమిది మందే.

మిగతా ఏడుగురూ అలాగే అవస్థ పడుతున్నారు. ఆలూర్ నుంచి వచ్చే శ్రవణ్‌కి ఎనిమిది ఎక్కాయి. తొమ్మిదోదానికి సాఫ్ట్‌వేరే మూసుకుపోయింది.

"నాతోని కాదు మేడం," అంటూ మౌస్ వదిలేశాడు.

వాళ్లకి పాఠాలు చెప్పే వినోద మేడం గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె ఇక ఊరుకోలేకపోయింది. ఈ నెలాఖరుకి సెంటర్ మూసేస్తున్నట్టు ఓనర్ చెప్పేశాడు. వీళ్లకి ఇంకో అవకాశం రాదు.

"సార్, ఎట్ల ఎక్కియ్యాల్నో గూడ మీ రూల్ల ఉన్నదా?"

"లేదు మేడం. ఎక్కితే చాలు. ఎందుకు?"

ఆమె బ్యాగులోంచి పెన్‌డ్రైవ్ తీసింది. "సువార్తకు ఫోల్డర్ల పేర్లు యాదికుంటలేవని ఒక ప్రోగ్రాం రాసిన. ఇయ్యాల పొద్దుగాలనే అయింది. పని చేస్తదో చెయ్యదో, జర చూడనియ్యుండ్రి."

మనీష్ భుజాలెగరేశాడు.

సువార్త దాన్ని తెరిచింది. పన్నెండు పేర్లూ వరుసగా వచ్చాయి. అన్నిటికీ టిక్కులు పెట్టి కింద ఉన్న బటన్ నొక్కింది. ఒక్కో పేరూ పచ్చగా మారుతూ పోయింది. వర్షన్ అదే చూసుకుంది. ఫోల్డర్ అదే వెతుక్కుంది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మిగతావాళ్లూ దాన్ని తమ కంప్యూటర్లలోకి కాపీ చేసుకున్నారు. గడువు ముగిసేసరికి ఎనిమిది కంప్యూటర్లలోనూ పన్నెండేసి స్క్రిప్టులు ఎక్కి ఉన్నాయి.

మనీష్ సువార్తను లేపి ఆ కుర్చీలో తను కూర్చున్నాడు. ఒక స్క్రిప్టును తీసేశాడు. పోయింది. మళ్లీ పెట్టాడు. వచ్చింది. కావాలని ఒకదాన్ని పాడుచేశాడు. ఫలానాది పాడైందని అదే చెప్పి, అదే బాగు చేసుకుంది.

"మీరొక్కలే రాసిండ్రా మేడం?"

"అవును సార్."

"మస్తుంది. మా దిక్కు గింత పనికి ఒక పూట పడుతది." అతని ముఖం వెలిగిపోయింది. "ఉండుండ్రి, మా సార్‌కు ఇప్పుడే చెప్త."

ఫోన్ పట్టుకుని మెట్ల మీదికి వెళ్లాడు. "రెండు నిమిషాలు సార్! ఎనిమిది మందికీ!" అనడం లోపలికి వినిపించింది.

పసుపు మిల్లులో కొమ్ములు ఏరే పని నుంచి నేరుగా వచ్చి మెట్ల మీద కూర్చున్న సువార్త తల్లి నాగవ్వ గుమ్మం దాకా వచ్చింది.

"అయిందా బిడ్డా?"

"అయినట్టే అవ్వా."

అయినట్టే అన్న మాట నాగవ్వ ఈ రెండేళ్లలో చాలాసార్లు వింది.

ఫోన్ తొందరగా ముగియలేదు. బయట మనీష్ మాటలు తగ్గుతూ వచ్చాయి. "సార్... అట్ల గాదు సార్... సరే సార్."

లోపలికి వచ్చి కూర్చోకుండా నిలబడ్డాడు.

"అందరు పాసైండ్రు," అన్నాడు. "గని పోస్టులు తీసేసిండ్రు."

ఎవరికీ అర్థం కాలేదు. శ్రవణే అడిగాడు. "ఎందుకు సార్?"

"ఎవరి కంప్యూటర్ల వాళ్లే బటన్ నొక్కుకుంటరు, మళ్ల గా పనికి మనుషులెందుకు అన్నడు మా సార్. ఫైలు మాత్రం పంపమన్నడు."

"నేనియ్య," అంది వినోద.

"ఇయ్యకున్నా గంతే మేడం. గట్లాంటిది రాయొచ్చని తెలిసిపోయింది. వారం దినాలల్ల వాళ్లే రాసుకుంటరు. నేనే నోరు జారిన. సంబరమైంది, చెప్పేసిన."

సువార్త స్క్రీన్ మీద పచ్చటి పేర్లకేసి చూస్తూ మెల్లగా అంది. "ఫెయిలైతె పోస్టులన్న ఉంటుండె."

వినోద ఆ పిల్ల ముఖం చూడలేకపోయింది. ఆమె కోసమే రాసింది దాన్ని.

ఒక్కొక్కరే బ్యాగులు సర్దుకున్నారు. శ్రవణ్ చెప్పకుండానే వెళ్లిపోయాడు. నాగవ్వ గుమ్మంలోంచే పిలిచింది.

"నడువు బిడ్డా. ఇంక పొద్దున్నది. మిల్లుల ఒక మనిషి తక్కువున్నది అన్నరు."

సువార్త కంప్యూటర్ ఆపేసి, కుర్చీని బల్ల కిందికి నెట్టి, తల్లి వెంట మెట్లు దిగింది.

గదిలో ఇద్దరే మిగిలారు. మనీష్ బ్యాగు భుజానికి తగిలించుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. అతను వెళితే తలుపు వేసుకుని ఏడవాలని ఉంది వినోదకి.

"మీకు హైదరాబాద్ బస్సు టైం అయితలేదా సార్?"

"తొందరేం లేదు మేడం," అన్నాడు మనీష్. "గా కంపెనీల ఇన్నొద్దులు స్క్రిప్టులు ఎక్కించింది నేనే. రేపటిసంది రావద్దన్నరు."