దుమ్ము పడ్డ ట్యాంకు

ట్యాంకు పాడుచేసింది ఆ ముసలాడే. పైడన్న దృష్టిలో దానికి రెండో మాట లేదు.

బరంపురంలో పైడన్నకు షాపంటూ లేదు. ఇంటి ముందు గదే షాపు. సగం గదికి ప్లాస్టిక్ పట్టా కట్టి, కిటికీలో ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించి, మోటారుసైకిళ్ళ పెట్రోలు ట్యాంకులకు స్ప్రే పెయింటు కొడతాడు. వెనక గదిలో ఎనిమిదేళ్ళ కూతురు రింకి ఉంటుంది.

ఫ్యాను జోరుగా తిరిగితే వాసన బయటికి పోతుంది. కానీ తలుపు సందులోంచి వీధి దుమ్మునూ లోపలికి లాగుతుంది. తడి రంగు మీద నలుసు పడితే పని మళ్ళీ మొదటికే. అందుకే ఆఖరి కోటు వేసి, అది ఆరేదాకా రెగ్యులేటరును ఒకటి మీదే ఉంచుతాడు.

భార్య తులసి ఉన్నన్నాళ్ళు, ఆ కాసేపూ పిల్లను తీసుకెళ్ళి పక్కింటి అరుగు మీద కూర్చునేది. తులసి పోయి రెండేళ్ళు. పక్కింటివాళ్ళతో పైడన్నకు మాటల్లేవు.

ఆ సాయంత్రం ఎర్ర ట్యాంకుకు ఆఖరి కోటు అప్పుడే పూర్తయింది. అద్దంలా మెరుస్తోంది.

ఓరగా ఉన్న తలుపు తోసుకుని ఒక ముసలాయన తొంగిచూశాడు. మాసిన లుంగీ, భుజాన సంచి.

"ఏటి కావాల?"

"సూద్దారని వచ్చాను బాబూ."

"ఇదేటి సినిమానా? ఎల్లు."

ముసలాయన కదల్లేదు.

"లోపల దగ్గుతున్నదెవులు?"

"మా పిల్ల. దానికలవాటే."

"ఫ్యాను పెంచు బాబూ. పిల్లకి ఊపిరాడతన్నట్టు లేదు."

"పెంచితే దుమ్ము పడతాది."

"తలుపేసి కింద తడి గోనె పెట్టు. దుమ్ము ఆగుతాది."

"నాకు పని నేర్పుతావేటి? ఒక్క నలుసు కనపడినా ఓనరు నా తోలు తీస్తాడు."

"తియ్యడు."

"నువ్వేటి, ఆడి వకీలువా?"

ముసలాయన నవ్వాడు.

లోపల రింకి ఒకటే దగ్గు. ఆ వెంటే వాంతి చేసుకున్న చప్పుడు.

ముసలాయన చెప్పులు విడిచి గబగబా లోపలికొచ్చాడు. పైడన్న అడ్డం వచ్చేలోపే రెగ్యులేటరును ఐదు మీదికి తిప్పేశాడు.

ఫ్యాను హోరెత్తింది. తెరిచిన తలుపులోంచి దుమ్ము గుప్పుమంది. ఎర్ర రంగు మీద గసగసాలు చల్లినట్టయింది.

పైడన్న ఆయన చొక్కా పట్టుకున్నాడు.

"ఓరి ముసలోడా! మూడు రోజుల కష్టంరా!"

"బాబూ, ఆ ట్యాంకు..."

"నోర్ముయ్!"

బయటికి తోశాడు. ముసలాయన మెట్టు మీద పడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయింది. పైడన్న ఆయన చెప్పులు తీసి వీధిలోకి విసిరాడు.

ముసలాయన లేచాడు. తిట్టలేదు.

"పిల్ల దగ్గు ఆగింది సూడు," అన్నాడు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు గ్యారేజీ దిలీప్ వచ్చాడు. పైడన్నకు పని తెచ్చేదీ, అయ్యాక పట్టుకెళ్ళేదీ అతనే. బళ్ళ సొంతదారుల ముఖాలు పైడన్న ఎరగడు.

"ట్యాంకు ఇయ్యి మావా."

"రెండ్రోజులాగు. ఎవుడో ముసలెదవ వచ్చి నాశనం సేసాడు. గీకి మళ్ళీ కొట్టాల."

"గీకొద్దు. ఉన్నదున్నట్టే బండికి బిగించీమన్నాడు."

"ఎవుడు?"

"దీని ఓనరు, జగ్గన్న. సముద్రం ఒడ్డు సోనేపూర్ ఆయన. కొడుక్కి ఇద్దారని బండి బాగుసేయించాడు. ట్యాంకు ఓపాలి కళ్ళారా సూసుకుని ఎల్తానంటే, నేనే నీ ఇల్లు సెప్పాను. వచ్చి సూసాడు కదా?"

పైడన్న గబుక్కున వీధిలోకి తొంగిచూశాడు.

"ఇప్పుడెక్కడున్నాడు?"

"ఇంకెక్కడ? నిన్న రాత్రి గ్యారేజీకొచ్చి, అట్నుంచటే రైలెక్కీసాడు. గుజరాత్‌లో సేపల బోట్ల మీద పని. మళ్ళీ ఎప్పుడొస్తాడో ఆయనకే తెలీదు. పాపం, మోచెయ్యంతా రక్తం. ఏటంటే, మీ వీధిలో జారిపడ్డానన్నాడు."

పైడన్న ట్యాంకును గుడ్డలో చుట్టి ఇచ్చాడు. తల ఎత్తలేదు.

దిలీప్ వెళ్ళాక రింకి వచ్చి అడిగింది.

"నాన్నా, నిన్న వచ్చిన తాత ఎవులు?"

"ఆ మాట ఈ ఇంట్లో ఇంకెప్పుడూ ఎత్తకు."