మెత్తబడ్డ రోడ్డు

1983 ఏప్రిల్. ములుగు రోడ్డు మీద ఇంజనీరు సారంగపాణికి ఒళ్లు మండిపోతోంది. మన ఎండలకు గట్టి డాంబర్ కావాలని మూడుసార్లు రాసినా, పైవాళ్లు చలిప్రాంతాలకు పనికొచ్చే మెత్తటి రకమే పంపారు. రోడ్డు వేసి నెల కాలేదు, పొద్దెక్కేసరికి కరిగి బస్సు టైర్లకు అంటుకుంటోంది.

అది చాలదన్నట్టు, బడి ముందర ఎవరో రోజూ రోడ్డు మీద మట్టి పోస్తున్నారు. ఇవాళ కాపు కాసి పట్టుకున్నాడు. ఆ రోడ్డు వేసిన కూలీల్లో ఒకామె, చిలుకమ్మ.

"నువ్వేసిన రోడ్డును నువ్వే ఖరాబు చేస్తవా? మట్టి కలిస్తే డాంబర్ పాడైతదని తెల్వదా?" అని అరిచాడు.

"ఎర్కే సారూ," అంది చిలుకమ్మ, గంప దించకుండానే. "మొన్న ఓ సిన్న పోరి కాళ్లు డాంబర్ల అతుక్కొని నడిమిట్ల నిలవడ్డది. బస్సొస్తాంది. నేనే ఉరికి గుంజిన. అరికాళ్ల నిండ బొబ్బలే."

ఒంటిపూట బడి గంట మోగింది. పిల్లలు గేటు దాటి పరుగెత్తుకొస్తున్నారు, చాలామంది వట్టికాళ్లతో.

సారంగపాణి ఆమె నెత్తి మీంచి గంప లాక్కున్నాడు. రోడ్డుకు అడ్డంగా, ఆ చివరిదాకా, తానే మట్టి పోసుకుంటూ నడిచాడు.