వెంట్రుకలడిగిన ఆవిడ

సెలూన్‌లోకి వచ్చిన ముసలావిడ నేల మీది వెంట్రుకల్నే చూస్తూ నిలబడింది.

"ఏం కావాలమ్మా?" అన్నాడు క్షురకుడు, కత్తెర ఆపకుండా.

"వెంట్రుకలు బాబూ. చిటికెడు చాలు."

కుర్చీలో ఉన్న పడవవాడు కిసుక్కున నవ్వాడు. "జాగ్రత్తరోయ్, చేతబడికేమో!"

"విగ్గులకేమోలే." క్షురకుడు ఊడ్చిన కుప్పను కాలితో ఆమె ముందుకు తోశాడు. "అంతా పట్టుకుపో."

"కలిసిపోతే పనికిరావు. ఎవరివో తెలియాలి. వాళ్లు ఈ నది చేపే తింటూ ఉండాలి. చేపలోని పాదరసం వెంట్రుకల్లో చేరుతుంది. పట్నంలో పరీక్ష చేయిస్తే బయటపడుతుంది. ఊరూరా అడుగుతూ నది వెంట పైకి వెళ్తున్నాను. ఎక్కడ కలుస్తోందో తేలాలి."

"పాదరసమా? మా నదిలోనా?"

లోపలి గుమ్మంలో క్షురకుడి కూతురు చేప ముక్కల గిన్నెతో నిలబడి వింటోంది. ఒక కాన్పు పోగొట్టుకున్న పిల్ల. ఇప్పుడు అయిదో నెల.

ముసలావిడ ఆ గిన్నె వంక చూసింది. "పెద్ద చేపలు తినకు తల్లీ. కడుపులో బిడ్డకు మంచిది కాదు."

క్షురకుడి కత్తెర ఆగింది.

"కడుపుతో ఉన్న పిల్ల ముందు అవేం మాటలు? నడువు బయటికి!"

ఆవిడ కోపగించుకోలేదు. మెట్టు మీద ఆగి అడిగింది. "ఈ ఊళ్లో ఫ్యాక్టరీ ఏదైనా ఉందా బాబూ?"

"లేదు. ఏదున్నా పైనే."

"ఇక్కడ ఉంటే బాగుండేది."

"శాపనార్థాలు కూడానా? వెళ్లమ్మా, వెళ్లు!"

సాయంత్రం కూతురి జడలో ఒక పాయ కురచగా ఉండడం అతని కంట పడింది.

"ఇచ్చావా?"

"దొడ్డిదారిన వెళ్లి ఇచ్చాను. వెంట్రుకల మొదలు ఎటో తెలియాలని దారం కట్టబోయింది. చేతులు వణికాయి పాపం, నేనే ముడేశాను." కూతురు తల వంచుకుంది. "నాకు ఈసారి బిడ్డ దక్కాలి నాన్నా."

మర్నాటి నుంచి ఆ ఇంటికి పెద్ద చేప రాలేదు.

మనవరాలు పుట్టింది. వీధి వీధంతా వినపడేలా ఏడ్చింది.

కొన్నాళ్లకు ప్రభుత్వ నర్సు సెలూన్ గోడకు నోటీసు అంటించడానికి వచ్చింది.

"పెద్ద చేపలు ఇప్పుడప్పుడే తినకండి. పైన బంగారం శుద్ధి చేసే మిల్లు ఉందే, పాదరసం అక్కణ్ణుంచే. దానికి ఎగువన ఉన్న వాళ్ల వెంట్రుకల్లో అస్సలు లేదు. మిల్లు మూయించారు."

"వెంట్రుకలా?" క్షురకుడు గబగబా ఎదురొచ్చాడు. "ఒక పెద్దావిడ... మళ్లీ ఈ వైపు వస్తారా? ఆ రోజు నోటికొచ్చినట్టు అన్నాను. ఒక్కసారి మా పాపను చూపించాలి."

నర్సు నోటీసు అంచును వేలితో అదిమింది.

"పోయిన నెల చనిపోయారు. చివరిదాకా తిరిగి, ఆ మిల్లు మీద ఫిర్యాదు ఇచ్చిందీ ఆవిడే."

క్షురకుడు నోటీసులో ఆవిడ పేరు కోసం వెతికాడు.

"అంత పెద్ద డాక్టరా? ఏ ఆఫీసమ్మా ఆవిడది?"

"డాక్టరూ కాదు, ఆఫీసూ లేదు," అంది నర్సు. "ఆ మిల్లు ఆవిడ కొడుకుది."