విశ్రాంతి దినాన బండి

శాలేమురాజు మాస్టారు యూదుల ధర్మశాస్త్రం తోరాలో ఆ శనివారం చదవాల్సిన భాగం తెరిచి, మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయారు.

“అహరోను ఇద్దరు కొడుకులు చనిపోయిన తరువాత...”

గొంతు సవరించుకుని మళ్లీ మొదలుపెట్టారు.

మండు వేసవి. కరెంటు లేదు. మాస్టారి ఇంటి ముందు గదే వాళ్ల ప్రార్థన స్థలం. కాకుమాను దగ్గర ఆ పేటలో, చర్చి మానుకుని యూదుల పద్ధతి పట్టిన కుటుంబాలు పదికి మించవు. వాళ్లకి వారం వారం తోరా చదివి చెప్పేది ఆయనే. ఆయనకి చెప్పేవాళ్లు ఎవరూ లేరు. ఎక్కడెక్కడి నుంచో పుస్తకాలు తెప్పించుకుని, ఒక్కో కట్టడా తను నేర్చుకుంటూ వాళ్లకి నేర్పుతూ వచ్చారు. శుక్రవారం పొద్దుగూకాక పొయ్యి వెలిగించకూడదు. సబ్బాతు, అంటే విశ్రాంతి దినమైన శనివారం, బండి ఎక్కకూడదు.

చదువు సగంలో ఉండగా సరోజ గుమ్మంలోకి వచ్చింది. ఆమె భుజం మీద కూతురు పింకీ తల వేలాడేసి ఉంది.

“రాత్రి నుంచి వాంతులు, విరేచనాలు మాస్టారూ. ఇప్పుడు కళ్లు కూడా తెరవట్లేదు. కాస్త ప్రార్థన చెయ్యండి.”

మాస్టారు పుస్తకం మూసి లేచారు. పాప కనురెప్ప ఎత్తి చూశారు.

“ప్రార్థన తర్వాత. ముందు బాపట్ల ఆస్పత్రికి పోదాం. నేను స్కూటర్ తీస్తాను.”

గదిలో గుసగుసలు మొదలయ్యాయి. అందరిలోకీ పెద్దవాడు ఏసుపాదం అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

“ఇవాళ సబ్బాతు మాస్టారూ!”

“తెలుసు పెదనాన్నా.”

“శనివారం బండి ముట్టుకోకూడదని మీరే కదండీ చెప్పింది? ఎంత కష్టంలోనూ మీరు ముట్టుకోలేదు. మేం కళ్లారా చూశాం. ఇప్పుడు మీరే తప్పితే ఎట్టాగండీ?”

“నేను చెప్పింది సగమే. మిగతా సగం అప్పుడు నాకూ తెలీదు.” మాస్టారు మూసిన పుస్తకం మీద చెయ్యి వేశారు. “ఇవాళ్టి భాగంలోనే ఉంది. నా కట్టడలు పాటించేవాడు వాటివల్ల బతుకుతాడు అన్నాడు దేవుడు. బతకమన్నాడు గానీ వాటివల్ల చావమనలేదని మన ధర్మగురువులు రబ్బీలు విడమరిచి చెప్పారు. ప్రాణం మీదికొస్తే సబ్బాతు పక్కన పెట్టాలి. పెట్టొచ్చు కాదు, పెట్టాలి. అదీ ఇంకొకళ్ల మీదికి తోసెయ్యకుండా పెద్దవాళ్లే ముందుపడి చెయ్యాలి.”

ఏసుపాదం పక్కకి తప్పుకున్నాడు.

స్కూటర్ తాళం మాస్టారి భార్య ప్రమీలారాణి దగ్గర ఉంటుంది. శుక్రవారం సాయంత్రం ఆవిడే బీరువాలో పెట్టేస్తుంది. ఆవిడ లోపలికి వెళ్లి తాళం తెచ్చింది. కానీ ఇవ్వకుండా గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

“ఎప్పుడు తెలిసిందండీ మీకు ఈ మాట?”

“పోయిన నెల. బొంబాయి నుంచి రబ్బీగారు వచ్చినప్పుడు.”

“నాతో అన్లేదే.”

“నోరు రాలేదు ప్రమీలా.”

ఆవిడ మొహం ఎర్రబడింది. తాళం ఆయన చేతిలో పెట్టలేదు. సరోజ చేతిలో పెట్టి, మొహం తిప్పుకుని లోపలికి వెళ్లిపోయింది.

“ఆయమ్మ నిష్ఠ ఆయన్ని మించిపోయింది,” అన్నారెవరో.

ఆస్పత్రిలో పింకీకి సెలైన్ ఎక్కించారు. “సమయానికి తెచ్చారు. ఇంకాసేపు ఆగి ఉంటే మా చేతుల్లో ఏమీ ఉండేది కాదు,” అన్నాడు డాక్టరు. ఆ మాట వింటూనే మాస్టారు వరండాలోకి వెళ్లి, గోడకి తల ఆనించి బావురుమన్నారు. సంతోషం పట్టలేక అనుకుంది సరోజ.

మధ్యాహ్నం దాటాక పాప కళ్లు తెరిచి ఐసు కావాలంది.

మాస్టారు ఇంటికొచ్చేసరికి పొద్దుగూకింది. ప్రమీలారాణి వాకిట్లో నేల మీద కూర్చుని ఉంది. పొద్దుటి నుంచి అన్నం ముట్టినట్టు లేదు. ఆయన స్కూటర్ స్టాండు వేసి, మెల్లగా వచ్చి ఆవిడకి కాస్త దూరంలో కూర్చున్నారు.

“పింకీకి భయం లేదన్నారు. రేపు పంపిస్తారట.”

“మంచిదండి.”

“సబ్బాతు తప్పానని కోపమా?”

ఆవిడ ఆయన వైపు చూడలేదు. తలెత్తి ఆకాశం చూస్తోంది. మూడు చుక్కలు పొడిస్తే గానీ సబ్బాతు ముగిసినట్టు కాదు. పొయ్యి వెలిగించాలన్నా, ఊరు దాటాలన్నా అప్పుడే. తాటితోపు మీద అప్పటికి ఒక చుక్కే ఉంది.

“ఏదో ఒకటి అను ప్రమీలా. తిట్టు పోనీ.”

కాసేపటికి ఆవిడ వేలెత్తి చూపించింది.

“అదుగో, రెండోది పొడిచింది.”

మాస్టారు తలెత్తలేదు.

“నిరుడు మూడోది కనబడగానే బండి తీద్దామని మీరిక్కడే నిలబడి ఆకాశం చూస్తుంటే, మన పాప సారా నా ఒళ్లో ఊపిరి వదిలేసింది ఆ రెండోది పొడిచినప్పుడేనండీ.”