అయిదు హెచ్‌పీ రంపం

కొత్త కరెంటు రంపం మీద ‘అయిదు హెచ్‌పీ’ అని ఎర్ర స్టిక్కరు మెరుస్తోంది. దానికి బదులుగా, వడ్రంగి అయిన మా నాన్న వాడిన ఒక్క హెచ్‌పీ రంపాన్ని పట్టుకెళ్లడానికి షాపతను వరండాలో నిలబడ్డాడు.

నేను వంగి కొత్తదాని వెనక రేకు చదివాను. 230 వోల్టులు, ఆరు ఆంపియర్లు. హెచ్‌పీకి 746 వాట్ల చొప్పున లెక్కేశాను.

"ఏమండీ, ఇది తాగే కరెంటే రెండు హెచ్‌పీ లేదు. అయిదు ఎక్కణ్ణుంచి ఇస్తుంది?"

"స్టిక్కరు వేసినవాడికంటే నీకెక్కువ తెలుసా?" అన్నారు మా ఆయన.

షాపతను నసిగాడు. "అయిదనేది, బ్లేడు ఇరుక్కుని మోటారు ఆగిపోయే ముందు ఒక్క క్షణం వస్తుందమ్మా."

"విన్నావా? వస్తుందట!"

"మరి మా పాతదాన్ని తుక్కులో వేస్తావా బాబూ?"

"తుక్కెందుకమ్మా? మా షాపులో దూలాలు కోయడానికి. పొద్దుటినుంచి సాయంత్రందాకా అలుపు లేకుండా కోస్తుంది."

నేను పాత రంపం వైరు చేతికి చుట్టుకుని, బేరం లేదు పొమ్మన్నాను.

మా ఆయన నా చెవి దగ్గరకొచ్చి గొంతు తగ్గించారు.

"ఇచ్చెయ్యవే, పాపం. అయిదు హెచ్‌పీ కొనుక్కునే స్తోమత లేనట్టుంది."